కారు పైకప్పు గుడ్డ జారుతోందా? జిగురు కంటే ముందు ఫోము సంగతి చూడండి

వరంగల్ మే నెల ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన పాత కార్లలో పైకప్పు లోపలి గుడ్డ ఊడి తలకు తగలడం మామూలే. చాలామంది గుడ్డకు చిన్న గాటు పెట్టి లోపలికి జిగురు పోస్తారు. అది నిలవదు. గుడ్డకూ, దాన్ని అతికించిన పైకప్పు అట్టకూ మధ్య ఉండే పలుచని ఫోము వేడికి పొడైపోవడమే అసలు జబ్బు. వేలితో రుద్దితే పసుపు రంగు పొడి అంటుకుంటుంది. పొడి మీద ఏ జిగురూ పట్టదు.

అట్టను దించాల్సిందే. ముందు బ్యాటరీ వైరు విప్పండి. సన్ వైజర్లు, చేతిపిడులు, లోపలి లైటు, అంచుల ప్లాస్టిక్ పట్టీలు తీస్తే అట్ట వదులవుతుంది. వంచకండి, మడత పడితే ఆ గీత జన్మలో పోదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని బ్రష్షుతో పాత ఫోమంతా రాల్చండి. విసుగు పుట్టించే పనే, కానీ ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

వెనక ఫోము అతికి ఉన్న గుడ్డనే కొనండి. హనుమకొండలో సీటు కవర్లు కుట్టేవాళ్లను అడగండి. వేడిని తట్టుకునే కాంటాక్ట్ జిగురును అట్టకూ, గుడ్డ వెనకున్న ఫోముకూ పూసి, తడి ఆరి జిగటగా మారాక, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నొక్కుతూ వెళ్లండి. గాలి ఆడే నీడలో చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ఈ వారానికి గట్టెక్కితే చాలనుకుంటే జారిన గుడ్డను అట్టకు పట్టి ఉంచేలా మెలికల పిన్నులు (తిప్పుతూ గుచ్చేవి) గుచ్చవచ్చు. పక్క అంచుల్లో ఎయిర్‌బ్యాగులున్న కారైతే అటువైపు మాత్రం గుచ్చకండి.