తిరుపతి నుంచి బ్రిటన్‌కి చదువుకోడానికి వెళ్లేవాళ్లకు ‘రిగరస్’ అన్న మాట గురించి

రూమ్, సిమ్ కార్డు, చలికోటు గురించి సీనియర్లు మీకు చెప్పే ఉంటారు. నేను ఒక్క మాట గురించి చెప్తాను. బ్రిటన్‌లో మొదటి టర్మ్‌లో నన్ను ఎక్కువగా ఏడిపించింది అదే: రిగరస్.

మొదటి రిపోర్టు తిరిగొచ్చినప్పుడు పక్కన రాసుంది, ‘ఇంకాస్త రిగరస్‌గా ఉండాలి’ అని. తిరుపతిలో చదువుకున్నన్నాళ్లూ ఈ మాట నేను విన్నది కోర్టు వార్తల్లోనే. రిగరస్ ఇంప్రిజన్‌మెంట్, అంటే కఠిన కారాగార శిక్ష. పాత ఐపీసీలోనూ, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది కఠిన శ్రమతో కూడిన జైలే. లాటిన్ మూలానికి కూడా బిగుసుకుపోవడమనే అర్థం. దాంతో నేను పడిన కష్టం చాలలేదంటున్నారనుకున్నాను. రాత్రి రెండింటిదాకా లైబ్రరీలో కూర్చుని 8 పేజీల్ని 15 చేశాను. మళ్లీ అదే మాట రాసి పంపారు. ఆ వారమంతా ఒకటే టెన్షన్, ఇంటికి ఫోన్ చేసినా మాట పెగల్లేదు.

చివరికి మా గైడ్ పిలిచి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. ‘చాలామంది విద్యార్థులు బస్సునే ఇష్టపడుతున్నారు’ అని రాశాను. ఎంతమందిని అడిగావు? 11 మందిని. ఎక్కడ? బస్‌స్టాప్‌లో. ‘అక్కడున్నవాళ్లు బస్సనే చెప్తారు కదమ్మా’ అన్న అర్థం వచ్చేలా ఆవిడ నెమ్మదిగా చెప్పారు. ఆ క్షణంలో ఆ మాట అర్థమైంది.

మన ఊరివాళ్లకి దీన్ని డిక్షనరీ కన్నా బాగా చెప్పే మాట ఒకటి కొండ మీదే ఉంది: దిట్టం. శ్రీవారి లడ్డూకి పోటులో, అంటే గుడి వంటశాలలో, వాడే సరకుల లెక్క అది. 5,100 లడ్డూలకి శనగపిండి 180 కిలోలు, చక్కెర 400 కిలోలు. నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు అన్నిటికీ అలాగే కొలత రాసి ఉంటుంది. ఎవరి చేయి పడినా లెక్క అదే, ఎవరడిగినా చూపించొచ్చు. రిగరస్‌లో ఉన్నదీ ఈ గుణమే. ‘సుమారుగా’, ‘అందరూ అంటారు’ అన్నవి చెల్లవు. ప్రతి అడుగునీ ఇంకొకరు పట్టి చూసుకోగలగాలి. తెలుగులో ‘పకడ్బందీగా’ అన్నది దగ్గరగా వస్తుంది. ‘కఠినంగా’ అనుకుంటే మాత్రం నాలాగే దారి తప్పుతారు.

రిగరస్ టెస్టింగ్, రిగరస్ అనాలిసిస్, లెక్కల్లో రిగరస్ ప్రూఫ్, ఇవన్నీ మెప్పుకోలు మాటలు. క్రమశిక్షణ తప్పనివ్వని టీచరుని స్ట్రిక్ట్ అంటారు. చట్టాలకీ నిబంధనలకీ స్ట్రిక్ట్, స్ట్రింజెంట్ రెండూ వాడతారు. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ చదివేవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్నది అలాంటి స్ట్రిక్ట్ నిబంధనే. షాపువాళ్లు బతిమాలినా 21వ గంట చేయకండి, వీసాకే ఎసరొస్తుంది. రిజిడ్ అన్నది వేరు. మొండిగా, వంగకుండా ఉన్నారని ఆక్షేపించడం. ఎవర్నీ మెచ్చుకుంటూ ఆ మాట వాడకండి.

విగరస్‌కీ దీనికీ మొదటి అక్షరమే తేడా. అది బలంగా, హుషారుగా అని. రాతలో ఇంకో చిక్కుంది. ‘రిగర్’ అన్న నామవాచకంలో చివరి ఆర్‌కి ముందు బ్రిటన్‌లో యూ రాస్తారు, అమెరికాలో రాయరు. రిగరస్ అని రాసేటప్పుడు మాత్రం ఆ యూ రెండు దేశాల్లోనూ పోతుంది.

మీ రిపోర్టు మీద ఈ మాట కనిపిస్తే పేజీలు పెంచకండి. మొహమాటపడకుండా గైడ్ దగ్గరికెళ్లి, ఏ వాక్యం దగ్గర నమ్మకం కుదరలేదో చూపించమని అడగండి. అక్కడ అలా అడిగితే తప్పుగా తీసుకోరు, సంతోషిస్తారు. నేను బస్‌స్టాప్‌తో పాటు లైబ్రరీలో, హాస్టల్‌లో, సైకిల్ స్టాండ్ దగ్గరా నిలబడి మళ్లీ అడిగాను. ‘చాలామంది’ పోయి ‘అడిగిన 60 మందిలో 34 మంది’ వచ్చింది. రిపోర్టు మళ్లీ 8 పేజీలకే దిగింది.