రాత్రి ట్రెక్‌కి హెడ్‌ల్యాంప్ ఎలా ఎంచుకోవాలి?

చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి మన తెలుగువాళ్లు చాలామంది వెళ్తున్నారు. శిఖరం మీద సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున రెండు మూడు గంటలకే క్యాంపు నుంచి బయల్దేరాలి. ఫోన్ టార్చ్ ఉందిగా అనుకోకండి. ఒక చెయ్యి ఫోన్‌కే పోతుంది, పైగా ఆ చలికి ఫోన్ చార్జింగ్ చూస్తుండగానే పడిపోతుంది. నుదుటికి పట్టీతో కట్టుకునే లైటు, అంటే హెడ్‌ల్యాంప్, కావాల్సిందే. కొనేముందు ఈ వరుసలో ఆలోచించండి.

1. మీకు ఎన్ని గంటల వెలుగు కావాలి?

ల్యూమెన్ల (లైటు ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత) కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. కేదార్‌కంఠకి నాలుగైదు గంటలు. ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ చివరి భాగం ఎక్కడం అర్ధరాత్రి మొదలైతే తెల్లారేదాకా ఆరు గంటలకు పైనే. క్లైంబింగ్‌లో అయితే పగలే దిగిపోదామనుకున్నా, తాడు ఎక్కడో ఇరుక్కుని చీకటి పడిపోవచ్చు. అనుకున్న గంటలకి రెట్టింపు లెక్కేసుకోండి.

2. పెట్టె మీద అంకెలు ఎలా చదవాలి?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మంచి కంపెనీలు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం కొలిచి రాస్తాయి. అందులో పనిచేసే సమయం అంటే, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా పట్టే సమయం. అంటే 350 ల్యూమెన్ల లైటు చివరి గంటల్లో 35 ల్యూమెన్లే ఇస్తున్నా లెక్కలోకి వస్తుంది. బీమ్ దూరం కూడా అంతే. వెలుగు పున్నమి వెన్నెల స్థాయికి, అంటే 0.25 లక్స్‌కి, తగ్గే చోటిదాకా కొలుస్తారు. అక్కడ అడుగు ఎక్కడ వేయాలో తెలిసేంత వెలుగు ఉండదు.

మీరే లెక్క కట్టొచ్చు. ఎల్ఈడీ ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. మూడు ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సెల్స్‌లో ఉండేది మహా అయితే ఐదు వాట్-అవర్లు, అంటే ఒక వాట్ లైటుని ఐదు గంటలు వెలిగించేంత. 350 ల్యూమెన్లకి మూడున్నర వాట్లు కావాలి కాబట్టి ఆ వెలుగు గంటన్నరకి మించి నిలబడదు. తక్కువ ధరకి పదివేల ల్యూమెన్లు అని అమ్మేవాటికీ ఇదే లెక్క వేయండి. వంద వాట్లు అవుతుంది. అంత వేడిని నుదుటి మీద మోయలేం, ఆ ప్రకటన అబద్ధం. నడకకి 100 నుంచి 200 ల్యూమెన్లు గంటల తరబడి నిలకడగా వస్తే చాలు. అందుకే రెగ్యులేటెడ్ లేదా కాన్‌స్టంట్ అవుట్‌పుట్ (వెలుగు తగ్గకుండా నిలకడగా ఇచ్చేవి) అని రాసి ఉన్నవి చూడండి.

3. బ్యాటరీ

మంచులోకి ఆల్కలైన్ సెల్స్ వద్దు, చలికి సగంలోనే చేతులెత్తేస్తాయి. రీచార్జ్ చేయలేని లిథియం సెల్స్ గానీ, విడిగా తీసి మార్చగలిగే లిథియం అయాన్ బ్యాటరీ గానీ మంచివి. లోపలే బిగించేసిన బ్యాటరీ అయితే అయిపోయాక దారి మధ్యలో చేసేదేమీ ఉండదు. స్పేర్ బ్యాటరీని జాకెట్ లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి. సున్నా డిగ్రీల కంటే చలిలో లిథియం అయాన్‌ని చార్జ్ చేయకండి, పాడైపోతుంది.

4. వెలుగు తీరు

నడకకి కాళ్ల ముందు విశాలంగా పరుచుకునే ఫ్లడ్ చాలు. క్లైంబింగ్‌లో పైనున్న యాంకర్ (తాడు బిగించే ఆధారం) వెతకాలి కాబట్టి దూరం కొట్టే స్పాట్ కూడా ఉండాలి. ఎరుపు లైటు టెంట్‌లోనూ, మ్యాప్ చూసేటప్పుడూ ఎంతో మేలు. తెల్ల వెలుగు చూసిన కళ్లు మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. అయితే ఎర్ర వెలుగులో మ్యాప్ మీదైనా తాడు మీదైనా ఎర్ర గీతలు కనబడవు, కాబట్టి తాడు, ముడులు మాత్రం తెల్ల లైటులోనే చెక్ చేసుకోండి.

పొగమంచు పడితే నుదుటి మీది వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది. ల్యాంప్ తీసి నడుము ఎత్తులో చేత్తో పట్టుకోండి. రాళ్ల నీడలు పడి ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

5. నీళ్లు తట్టుకుంటుందా?

నీళ్లని ఎంత తట్టుకుంటుందో ఐపీఎక్స్ అనే రేటింగ్ చెబుతుంది. వాన చినుకులకి ఐపీఎక్స్4 సరిపోతుంది. వాగులు దాటే దారైతే ఐపీఎక్స్7 తీసుకోండి, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది.

6. షాపులో చేతికి తీసుకుని చూడండి

చేతికి గ్లవ్స్ వేసుకుని బటన్ నొక్కండి. కళ్లు మూసుకుని మోడ్‌లు మార్చండి. హెల్మెట్ పెట్టుకుని, దాని క్లిప్పుల్లో పట్టీ నిలుస్తుందో లేదో, తల విదిల్చినప్పుడు ల్యాంప్ జారుతుందో లేదో గమనించండి. లాక్ ఉందా అని తప్పకుండా అడగండి. అది లేకపోతే బ్యాగులో బటన్ నొక్కుకుని, పొద్దున తీసేసరికి బ్యాటరీ ఖాళీ అయిపోవచ్చు.

7. బయల్దేరే ముందు

ఒక రాత్రి ఇంట్లో, మీరు నడిచే మోడ్‌లోనే వెలిగించి వదిలేయండి. గంటకోసారి గోడ మీద వెలుగు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. విమానంలో వెళ్తుంటే విడి లిథియం బ్యాటరీలు క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో ఒప్పుకోరు.