యూనివర్సిటీ ఉపన్యాసాలకు, సదస్సులకు బయటివాళ్లు ఎలా వెళ్లాలి?

యూనివర్సిటీ గేటు ముందు నుంచే రోజూ ఆఫీసుకు వెళ్తూ, ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టనివాళ్లు మన నగరాల్లో వేలమంది ఉంటారు. అక్కడ జరిగే సభలు విద్యార్థులకూ ప్రొఫెసర్లకూ తప్ప మనకు కాదని ఒక నమ్మకం. అది నిజం కాదు. ఏళ్ల తరబడి ఒకే విషయం మీద పనిచేసినవాళ్లు వచ్చి, గంటసేపు తమకు తెలిసింది చెప్పి వెళ్తారు. ఎక్కువ సభలకు టికెట్ ఉండదు. చాలాసార్లు హాల్లో వెనక సగం కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. రిటైరైన టీచరు, బ్యాంకు ఉద్యోగి, ఇంటర్ చదివే అమ్మాయి, గృహిణి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మన పన్నులతో నడిచే సంస్థల్లో మనకోసం కూడా జరిగే సభలివి. ఎలా వెళ్లాలో, వెళ్లి ఏం చేయాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే అయినా పద్ధతి విశాఖలోనైనా, తిరుపతిలోనైనా, వరంగల్‌లోనైనా దాదాపు ఒకటే.

1. అది ఎలాంటి సభో ముందు పోల్చుకోండి

ఆహ్వాన పత్రం మీద పైన పెద్ద అక్షరాలతో ఉన్న మాటే సగం సంగతి చెప్పేస్తుంది.

ధర్మనిధి ఉపన్యాసం అనో, స్మారకోపన్యాసం అనో ఉంటే నిస్సంకోచంగా బయల్దేరండి. దాత ఎవరో యూనివర్సిటీలో కొంత సొమ్ము జమ చేస్తారు. దాని మీద వచ్చే వడ్డీతో ఏటా ఒక పండితుణ్ణో శాస్త్రవేత్తనో పిలిపించి మాట్లాడిస్తారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1933 డిసెంబరులో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇచ్చిన ఉపన్యాసాలు సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరిట ఉన్న ధర్మనిధి కింద జరిగినవే. అప్పుడక్కడ వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఈ తరహా ఉపన్యాసాల్లో వక్తలు సాధారణంగా అందరికీ అర్థమయ్యేలా మాట్లాడతారు. కొత్తగా వెళ్లేవాళ్లు వీటితోనే మొదలుపెట్టడం మంచిది.

జాతీయ సదస్సు అని ఉంటే అది రెండు మూడు రోజుల వ్యవహారం. మొదట ప్రారంభ సభ, అందులో కీలకోపన్యాసం, ఆ తర్వాత పత్ర సమర్పణలు, చివర ముగింపు సభ. పత్ర సమర్పణలో ఒక్కొక్కరికి పది పదిహేను నిమిషాలే ఇస్తారు కాబట్టి, చాలామంది రాసుకొచ్చింది గబగబా చదివేస్తారు. అన్ని రోజులూ కూర్చోవాలని పట్టుపట్టకండి. కీలకోపన్యాసం వినండి, కార్యక్రమ పత్రంలో మీకు ఇష్టమైన విషయం ఉన్న ఒక్క సమావేశం ఎంచుకోండి, చాలు. రిజిస్ట్రేషన్ ఫీజు ఉన్నా అది చాలాచోట్ల పత్రాలు చదివేవాళ్లకు, కిట్టూ భోజనమూ సర్టిఫికెట్టూ కావలసినవాళ్లకు. ఊరికే వచ్చి వింటామంటే కాదనేవాళ్లు తక్కువ.

శాఖల్లో వారం వారం జరిగే చిన్న సెమినార్లు వేరు. ఇరవై మంది ఉంటారు, పరిభాష గట్టిగా ఉంటుంది. ఆ విషయంలో కాస్త ప్రవేశం ఉంటేనే వెళ్లండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది: పీహెచ్‌డీ వైవా. అభ్యర్థి తన పరిశోధనను పరీక్షకుల ముందు సమర్థించుకునే ఈ పరీక్ష బహిరంగంగా జరగాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2016 నిబంధనల్లో ఉండేది; 2022లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. పాత నిబంధనల ప్రకారం శాఖలోని అధ్యాపకులు, పరిశోధకులతో పాటు ఆ విషయం మీద ఆసక్తి ఉన్న ఇతర నిపుణులు, పరిశోధకులు కూడా హాజరు కావచ్చు. స్థానిక చరిత్ర మీదో, జానపద కళల మీదో సొంతంగా పనిచేసేవాళ్లకు ఇంతకంటే మంచి తరగతి దొరకదు. నాలుగైదేళ్ల కష్టం గంటన్నరలో కళ్లముందు పరుచుకుంటుంది. బయటివాళ్లను రానిస్తారో లేదో శాఖాధ్యక్షులను ముందుగా అడిగి వెళ్లండి.

2. ఎప్పుడు, ఎక్కడ జరుగుతున్నాయో కనిపెట్టండి

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కార్యక్రమాల పేజీ ఉంటుంది. కానీ అన్నీ అందులోకి ఎక్కవు. దినపత్రికల జిల్లా పేజీల్లో 'నగరంలో నేడు' లాంటి శీర్షిక రోజూ చూడండి. సాహిత్య సభలైతే ఆంధ్రజ్యోతి సోమవారం 'వివిధ' పేజీలో ప్రకటనలు వస్తాయి. ఒక్కసారి ఏదైనా సభకు వెళ్తే చాలు, పక్కన కూర్చున్నవాళ్లు వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. ఆ తర్వాత సమాచారం దానంతటదే వస్తుంది.

కొన్ని తేదీలు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం, 1928లో రామన్ ఎఫెక్ట్ వెలుగుచూసిన రోజు. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. డిసెంబరు 22 రామానుజన్ జయంతి, గణిత దినోత్సవం. ఈ రోజుల చుట్టూ ఏదో ఒక ప్రాంగణంలో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. పరీక్షలు, వేసవి సెలవుల కాలంలో మాత్రం సభలు పల్చబడతాయి.

3. శాఖ ఆఫీసుకు ఫోన్ చేయండి

ఇది మానేయవద్దు. "సార్, గురువారం ఉపన్యాసానికి బయటివాళ్లు రావచ్చా? ఏ గేటు నుంచి రావాలి? తెలుగులో మాట్లాడతారా, ఇంగ్లీషులోనా?" అని అడగండి. ఈ మూడూ తెలిస్తే మిగతా భయాలన్నీ పోతాయి. వేదిక చివరి నిమిషంలో మారడం యూనివర్సిటీల్లో మామూలే కాబట్టి, బయల్దేరే ముందు ఇంకోసారి కనుక్కోవడం ఇంకా మంచిది. కార్డు మీద 'అందరూ ఆహ్వానితులే' అని ఉన్నా ఫోన్ చేయండి.

4. అరగంట చదువుకొని వెళ్లండి

ఏమీ తెలియకుండా వెళ్లినా ఏదో ఒకటి వింటారు. కొంచెం తెలుసుకొని వెళ్తే వక్త ఎక్కడ కొత్త మాట చెబుతున్నారో పట్టుకోగలుగుతారు. ఆ తేడా చాలా పెద్దది.

తొలి తెలుగు శాసనాల మీద ఉపన్యాసం ఉందనుకోండి. కడప జిల్లా కలమళ్లలో దొరికిన శాసనం రేనాటి చోళులదని, దాన్ని సుమారు క్రీ.శ. 575 నాటిదిగా లెక్కిస్తారని, అందులో ఆ వంశపు రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు వస్తుందని ముందే చదివి ఉంటే సరిపోతుంది. వక్త ఆ పేరు పలకగానే మీకు తెలిసినవాళ్ల గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చదివేటప్పుడు అర్థం కానివి ఒక కాగితం మీద రాసుకోండి. సభలో అడగాల్సిన ప్రశ్నలు సాధారణంగా అందులోంచే పుడతాయి.

5. గేటు నుంచి కుర్చీ దాకా

ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, ఫోన్‌లో ఆహ్వాన పత్రం ఉంచుకోండి. సెక్యూరిటీవాళ్లు పేరు, ఫోన్ నంబరు రిజిస్టర్‌లో రాయించుకుంటారు. 'సభకు వచ్చాను' అంటే చాలదు. ఏ శాఖ, ఏ హాలు అనేది చెప్పండి.

దూరం లెక్కవేసుకోవాలి. 1974లో ఏర్పడి, అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై గచ్చిబౌలికి తరలిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మెయిన్ గేటు నుంచి కొన్ని హాళ్లు కిలోమీటరు పైనే ఉంటాయి. లింగంపల్లి స్టేషన్‌లో దిగి బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. ఉస్మానియాకు తార్నాక మెట్రో దగ్గర. ఉస్మానియాకు వెళ్తే పావుగంట ముందే చేరి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు కాసేపు నిలబడండి. ఆ గులాబీ రంగు రాతి ముఖద్వారం చూడకుండా తిరిగి రాకూడదు. తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి ప్రాంగణంలోని ఎన్టీఆర్ కళామందిరానికి నాంపల్లి మెట్రో నుంచి నడిచి వెళ్లవచ్చు.

హాల్లోకి వెళ్లాక ముందు వరస వదిలేసి, మూడో నాలుగో వరసలో కూర్చోండి. ముందు వరస అతిథులకు ఉంచుతారు, వెనక కూర్చుంటే స్లైడ్ల మీద అక్షరాలు కనిపించవు. మన సభల తీరు తెలిసిందే: జ్యోతి ప్రజ్వలన, వక్త పరిచయం, ముఖ్య అతిథి మాటలు, ఆత్మీయ అతిథి మాటలు, శాలువాలు, జ్ఞాపికలు. అసలు ఉపన్యాసం మొదలయ్యేసరికి అరగంట గడవచ్చు. నిర్వాహకులు దీన్ని తగ్గించాలని నా గట్టి అభిప్రాయం. దూరం నుంచి బస్సు మారి వచ్చినవాళ్ల సమయం వక్తకే దక్కాలి. అందాకా ఓపిక పట్టండి. తర్వాత ప్రశ్నల సమయం అయ్యేదాకా లేవకండి. ఉపన్యాసంలో జాగ్రత్తగా మాట్లాడిన వక్తలు ప్రశ్నలప్పుడే మనసు విప్పి మాట్లాడతారు.

రికార్డు చేసుకోవాలంటే ముందుగా అడగండి. ఇంకా అచ్చు కాని పరిశోధనను బయట పెట్టడం కొందరికి ఇబ్బంది.

6. ప్రశ్న అడగండి

బయటివాళ్లు ఎక్కువగా వెనకడుగు వేసేది ఇక్కడే. 'మనకేం తెలుసు, నవ్వుతారేమో' అనుకుంటారు. నిజానికి విద్యార్థులు అడగలేనివి మీరు అడగగలరు. మీ ఊరు, మీ వృత్తి, మీ వయసు మీకు ఇచ్చిన జ్ఞానం వాళ్లకు ఇంకా రాలేదు.

లేచి నిలబడి పేరు, ఏం చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పండి. వక్తను పొగడటానికి నిమిషం తీసుకోకండి. ఒక్క ప్రశ్నే, రెండు మూడు వాక్యాల్లో. ఇంగ్లీషు సభలోనైనా తెలుగులో అడగవచ్చు. అర్థం కానివాళ్లకు పక్కనున్నవాళ్లు చెబుతారు. "మన భాష ఎంత ప్రాచీనమైనదో ఈ సభ నిరూపించింది, దీనిపై మీ అభిప్రాయం?" అంటే వక్త చెప్పడానికి ఏమీ ఉండదు. "కలమళ్ల శాసనానికి కాలం కట్టడానికి లిపి ఒక్కటే ఆధారమా, రాజు పేరు కూడా సాయపడిందా?" అంటే పది నిమిషాల జవాబు వస్తుంది.

అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇలాంటిది: "మా ఊరి గుడి వెనక ఒక రాతి మీద అక్షరాలున్నాయి. ఎవరికి చూపించాలి?" ఇది విని వక్త నవ్వరు, కుర్చీలో ముందుకు జరుగుతారు. అలాంటిది మీ దగ్గర ఉంటే ఫోటో తీసుకెళ్లండి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే చెక్కిన గీతల్లో నీడ నిలబడి అక్షరాలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో రాయి తప్ప ఏమీ కనిపించదు. కొలతకు పక్కన ఒక స్కేలు పెట్టండి. అక్షరాలు బాగా కనిపించాలని సున్నమో రంగో పూయకండి, రాయి పాడవుతుంది.

7. నాట్యం, నాటకం, సంగీతం

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాట్యానికీ రంగస్థల కళలకూ శాఖలున్నాయి. విద్యార్థులు చదువులో భాగంగా వేసే నాటకాలు చిన్న హాల్లో జరుగుతాయి. అరగంట ముందు వెళ్లకపోతే చోటు దొరకదు. ఆట మొదలయ్యాక తలుపు వేస్తారు. పిల్లల్ని తీసుకెళ్లండి, కానీ నాటకం ఎంతసేపో ముందే కనుక్కోండి. ఫ్లాష్ వేసి ఫోటోలు తీయకండి. చీకట్లో అడుగు వేస్తున్న నటుడికి ఆ వెలుగు ప్రమాదం. ఆట అయ్యాక నటులు కాసేపు బయటికి వస్తారు, వాళ్లతో మాట్లాడండి. ఇరవై ఏళ్ల కుర్రవాడికి, తనను ఎరగని మనిషి వచ్చి "ఆ రెండో రంగంలో నువ్వు మౌనంగా నిలబడ్డావే, అది బాగుంది" అంటే అది నెలల తరబడి గుర్తుంటుంది.

విద్యార్థుల ఉత్సవాలకు మాత్రం చాలాచోట్ల బయటివాళ్లను పరిమితంగానే రానిస్తారు. అడిగి వెళ్లండి. రాత్రి ఎనిమిది దాటితే ప్రాంగణంలో ఆటోలు దొరకవు కాబట్టి తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి.

8. వక్తను మీ ఊరికి పిలవండి

సభ అయ్యాక వక్త చుట్టూ ఫోటోలవాళ్లు మూగుతారు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, "ఈ విషయం మీద మాలాంటివాళ్లు ఏ పుస్తకం చదవాలి?" అని అడగండి. ఆ పేరు అక్కడే రాసుకోండి. ఈమెయిల్ తీసుకోండి.

మీ ఊరి గ్రంథాలయంలోనో, హైస్కూల్లోనో అదే మాట చెప్పించాలనిపిస్తే ఆ ఈమెయిల్‌కు రెండు నెలల ముందే ఉత్తరం రాయండి. వినేవాళ్లు ఎవరు, ఎంతమంది, ఎంతసేపు మాట్లాడాలి, ప్రయాణం ఖర్చు ఎవరు పెడతారు, రాత్రి బస ఎక్కడ అనేవి స్పష్టంగా ఉండాలి. డబ్బు లేకపోతే లేదని రాయండి, చాలామంది అయినా వస్తారు. ఆదివారాలు పెట్టుకుంటే వాళ్లకూ వీలు, పిల్లలకూ వీలు. ప్రొజెక్టర్ ఉందో లేదో కూడా ఆ ఉత్తరంలోనే చెప్పండి. లేదని తెలిస్తే బొమ్మలు లేకుండా మాట్లాడటానికి సిద్ధమై వస్తారు.