కార్డు గీశారు, మెసేజ్ వచ్చింది, డబ్బు ఏది?

నేను చిన్న షాపులకు లెక్కలు రాస్తాను. శ్రావణ మాసం వచ్చిందంటే చీరల షాపుల నుంచి ఈ ప్రశ్నతోనే ఫోన్లు మొదలవుతాయి. మిషన్ పాడైందేమోనని భయపడతారు. చాలాసార్లు మిషన్‌ది తప్పేమీ ఉండదు. డబ్బు ఏ ఖాతాలో ఉందో తెలియకపోవడమే అసలు చిక్కు.

సమస్య: "సక్సెస్" అని వచ్చింది, బ్యాంకులో జమ కాలేదు

కార్డు గీసిన క్షణంలో డబ్బు మీ ఖాతాకు రాదు. పేమెంట్ కంపెనీ ద్వారా మిషన్ గానీ ఆన్‌లైన్ లింకు గానీ తీసుకుంటే, ఆ సొమ్ము ముందుగా ఎస్క్రో ఖాతాలో పడుతుంది. అది ఒక షెడ్యూల్డ్ బ్యాంకులో విడిగా ఉండే ఖాతా. వ్యాపారుల డబ్బును పేమెంట్ కంపెనీ తన సొంత డబ్బుతో కలపకూడదని రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి అక్కడున్నది మీ సొమ్మే, ఇంకా మీ చేతికి రాలేదంతే. మామూలుగా మరుసటి పనిదినం మీ కరెంట్ ఖాతాకు వస్తుంది. మధ్యలో బ్యాంకు సెలవు పడితే ఇంకాస్త ఆగాలి.

పరిష్కారం: ముందు కంపెనీ యాప్‌లో సెటిల్‌మెంట్ పేజీ తెరవండి. "ప్రాసెస్డ్" అని ఉండి యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కనిపిస్తే, ఆ నంబరు పట్టుకుని మీ బ్యాంకును అడగండి. "పెండింగ్" అని ఉంటే కంపెనీనే అడగాలి. "హోల్డ్" అని ఉంటే కారణం ఎక్కువగా కేవైసీలో, అంటే మీరిచ్చిన గుర్తింపు పత్రాల్లో, ఉంటుంది: షాపు లైసెన్సులో ఒక పేరు, జీఎస్టీలో ఇంకో పేరు, ఖాతా మూడో పేరు మీద. రోజూ అయిదారు వేల బేరం జరిగే చోట ఒక్కసారిగా రెండు లక్షల కార్డు గీసినా ఆపి చూస్తారు. అలాంటి పెద్ద బేరానికి బిల్లు కాపీ సిద్ధంగా ఉంచుకుంటే అడగగానే పంపేయొచ్చు. బ్యాంకు ఇచ్చిన పాత మిషనైతే, రాత్రి షాపు కట్టే ముందు బ్యాచ్ సెటిల్ (ఆ రోజు గీసిన కార్డుల లెక్కను మిషన్ నుంచి బ్యాంకుకు పంపడం) చేశారో లేదో కూడా చూసుకోండి.

సమస్య: పదివేలు గీస్తే 9,764 వచ్చింది

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే డబ్బు పోవడం కన్నా లెక్క తప్పడం వల్ల నష్టం పెద్దది. క్రెడిట్ కార్డు మీద ఎండీఆర్ అనే రుసుము ఉంటుంది, కార్డుతో డబ్బు తీసుకున్నందుకు వ్యాపారి కట్టేది. మీ ఒప్పందంలో అది 2 శాతం అనుకుందాం. పదివేలకు 200, ఆ 200 మీద 18 శాతం జీఎస్టీ 36, మొత్తం 236 కోసుకుని మిగతాది పంపుతారు. చాలామంది బ్యాంకులో పడిన 9,764నే అమ్మకంగా రాసేస్తారు. అది తప్పు. అమ్మకం 10,000. ఖర్చు 200. ఆ 36ను, మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే, ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా టర్నోవర్ మీద పన్ను కట్టే పద్ధతి) ఉంటే అది కూడా ఖర్చే. పేమెంట్ కంపెనీ నెలనెలా ఇచ్చే ట్యాక్స్ ఇన్‌వాయిస్ దింపుకోకుండా వదిలేస్తే ఏడాదికి ఎంత క్రెడిట్ పోతుందో ఒకసారి లెక్కేసి చూడండి.

డెబిట్ కార్డు సంగతి వేరు. రూపే డెబిట్ కార్డు మీద, బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ మీద 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ లేదు. మిగతా డెబిట్ కార్డులకు, ఏడాది టర్నోవర్ 20 లక్షలలోపు వ్యాపారికి మిషన్ మీద 0.40 శాతం, ఒక్కో లావాదేవీకి 200 రూపాయలు మించకుండా అని రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. క్రెడిట్ కార్డుకు అలాంటి హద్దు లేదు కనుక రేటు బేరమాడి తగ్గించుకోవాలి. ఆ రుసుమును కస్టమర్ మీద వేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. డెబిట్ కార్డు మీద అలా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది.

సమస్య: క్యూఆర్ మీద క్రెడిట్ కార్డు తీసుకోవడం లేదు

2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు. కానీ వ్యాపారి క్యూఆర్ మీదే చెల్లుతుంది, మనిషికి మనిషి పంపేది కుదరదు. మీ షాపులో అతికించిన కాగితం మీ సొంత సేవింగ్స్ ఖాతాదైతే దాని మీద క్రెడిట్ కార్డు చెల్లదు. వ్యాపారి క్యూఆర్ కోసం దరఖాస్తు చేసుకోండి, ఇచ్చేటప్పుడే "రూపే క్రెడిట్ పనిచేస్తుందా, రేటెంత" అని అడగండి.

షాపు రాబడి అంతా సేవింగ్స్ ఖాతాలోకి పోనివ్వడం ఇంకో చిక్కు కూడా తెస్తుంది. ఇంటి ఖాతాలో రోజుకు వందల లావాదేవీలు కనిపిస్తే బ్యాంకు ప్రశ్నిస్తుంది. కరెంట్ ఖాతాకు వడ్డీ రాదు, కనీస నిల్వ ఉంచాలి, నిజమే. అయినా షాపు లెక్క, ఇంటి లెక్క విడిపోతాయి. రేపు లోన్‌కు వెళ్తే అదే స్టేట్‌మెంట్ పనికొస్తుంది.

సమస్య: వచ్చిన డబ్బు వెనక్కి పోయింది

ఇది చార్జ్‌బ్యాక్. కార్డుదారు తన బ్యాంకుకు "ఈ కొనుగోలు నాది కాదు" అనో "సరుకు అందలేదు" అనో ఫిర్యాదు చేశాడన్నమాట. మీకు వచ్చే మెయిల్‌లో గడువు తేదీ ఉంటుంది. ఆలోగా బిల్లు, చార్జ్ స్లిప్ (కార్డు గీసినప్పుడు మిషన్ ఇచ్చే కాగితం), కొరియర్ రసీదు పంపకపోతే డబ్బు పోయినట్టే. స్లిప్ మీద అచ్చు కొన్నాళ్లకే వెలిసిపోతుంది, ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.