పాత కోర్టు కాగితాలు చదవడం – 4వ పాఠం: ముద్దాయి మాట ఎక్కడ?

పోయిన పాఠంలో తీర్పు జోలికి పోకుండా ముందు సాక్షుల వరుస చూడాలని చెప్పుకున్నాం. ఈసారి లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు తీసుకుందాం. 1674 నుంచి 1913 దాకా అచ్చయిన ఆ నివేదికలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో, పుట్టిన బిడ్డను చంపిందని బోనెక్కించిన ఆడవాళ్ల కేసులు వెతకండి. ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే పెళ్లికాని పిల్లలే. కడుపు సంగతి బయటపడితే కొలువు పోతుంది, కొలువుతో పాటు తలదాచుకునే చోటూ పోతుంది.

చదివే ముందు ఏ చట్టం కింద విచారించారో చూసుకోండి. 1624 నాటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెళ్లికాని తల్లి బిడ్డ చావును దాచిపెడితే చాలు, ఆమే చంపినట్టు లెక్క. బిడ్డ చనిపోయే పుట్టిందని కనీసం ఒక్క సాక్షితోనైనా ఆమే రుజువు చేసుకోవాలి. లేకపోతే ఉరి. అర్ధరాత్రి నోరు నొక్కుకుని ఒంటరిగా కన్న మనిషి సాక్షిని ఎక్కణ్నుంచి తెస్తుంది? పెళ్లయిన తల్లికి ఈ చట్టం వర్తించదు. ఈ ముక్క తెలియకపోతే కోర్టు అడిగే ప్రశ్నల్లో సగం మనకు అర్థం కావు.

ఉదాహరణకు, 18వ శతాబ్దపు కేసుల్లో పసిబిడ్డ బట్టల ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది. మొదట్లో నేను వాటిని ఇంటి వివరాలనుకుని దాటేశాను. బిడ్డ కోసం ముందే గుడ్డలు సిద్ధం చేసుకుందంటే దాచే ఉద్దేశం లేదని జ్యూరీ నమ్మేది, చాలాసార్లు వదిలేసేది. ఆమె ప్రాణం ఆ నాలుగు గుడ్డల మీదే నిలిచి ఉండేది!

మరో సాక్ష్యం బిడ్డ ఊపిరితిత్తులు. నీళ్లలో వేస్తే తేలాయా, అయితే బిడ్డ ఊపిరి పీల్చినట్టే అనేవారు. ఈ పరీక్షను నమ్మి ఉరి వేయకూడదని డాక్టర్ విలియం హంటర్ 1783లో వాదించాడు. ఆ ఆడవాళ్లను నడిపించింది క్రూరత్వం కంటే సిగ్గూ భయమూ అని కూడా చెప్పాడు.

1803లో పాత చట్టం రద్దయింది. హత్యను రుజువు చేసే భారం ఆరోపించినవాళ్ల మీద పడింది. పుట్టుకను దాచినందుకు మాత్రం రెండేళ్ల దాకా జైలు ఉండేది. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి మన శిక్షాస్మృతి 318వ సెక్షన్‌లో కూడా ఈ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లే ఉండేది. పాత జిల్లా కోర్టు కాగితాల్లో 318 అనే సెక్షన్ అంకె కనిపిస్తే ఆగి చదవండి.

ఇక అభ్యాసం. 1803కు ముందుది ఒకటి, తర్వాతది ఒకటి, రెండు విచారణలు ఎంచుకోండి. యజమానురాలు, తోటి పనిమనిషి, మంత్రసాని చెప్పిన మాటల కింద నీలం గీత గీయండి. ముద్దాయి సొంత మాట కింద ఎర్ర గీత గీయండి. ఎరుపు ఒకటి రెండు వాక్యాలు దాటకపోతే, చెప్పడానికి ఆమెకేమీ లేదని అనుకోకండి. ఇలాంటి పెద్ద నేరాల్లో ముద్దాయి తరఫు లాయరు జ్యూరీతో మాట్లాడే హక్కు 1836లో గానీ రాలేదు. ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే హక్కు 1898 దాకా లేదు.

చివరగా, బిడ్డ తండ్రి ఊసు ఎన్ని వాక్యాల్లో ఉందో లెక్కపెట్టి, ఆ అంకెను కాగితం పైన రాయండి. వచ్చే పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.