ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్‌ను గుర్తించి, అదుపులో ఉంచుకోవడం ఎలా?

నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లనిపించినా, పొట్ట ఉబ్బరంగా ఉన్నా చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని, ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు నెలల తరబడి వాడుతుంటారు. ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్‌లో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం, ఆమ్లం పెరగదు, తగ్గిపోతుంది. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి జీర్ణాశయం పై, మధ్య భాగాల్లోని పెరైటల్ కణాలపై దాడి చేస్తుంది. ఆమ్లాన్ని తయారు చేసేవీ, విటమిన్ బి12 ఒంటబట్టడానికి అవసరమైన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ను విడుదల చేసేవీ ఈ కణాలే. అందువల్ల ఉన్న కొద్దిపాటి ఆమ్లాన్నీ తగ్గించే మాత్రలను వైద్యుడు ప్రత్యేక కారణం చెప్పకుండా కొనసాగించడంలో అర్థం లేదు.

మొదట లక్షణాలను ఒకదానితో ఒకటి కలిపి చూడాలి. ఆమ్లం తగ్గగానే ఇనుము ఒంటబట్టడం తగ్గుతుంది. కాలేయంలో బి12 నిల్వలు కొన్నేళ్లకు సరిపడా ఉంటాయి కనుక ఆ లోపం తరచుగా ఆలస్యంగా బయటపడుతుంది. ఎన్ని మాత్రలు వాడినా తీరని ఇనుము లోపం, ఆయాసం, నాలుక నునుపెక్కి మండడం, అరికాళ్లలో తిమ్మిర్లు ఈ క్రమంలో వచ్చేవే. ముఖం కడుక్కుంటూ కళ్లు మూయగానే తూలిపోతున్నారంటే, పాదాల నుంచి మెదడుకు సమాచారం మోసే నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. ఆ సూచనను అలసట ఖాతాలో వేసి వదిలేయకూడదు.

తరువాతిది రక్త పరీక్ష. హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్, బి12, పెరైటల్ కణాలకూ ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌కూ వ్యతిరేకంగా ఉండే యాంటీబాడీలు, ఆమ్లం తయారీని ప్రేరేపించే హార్మోన్ అయిన గ్యాస్ట్రిన్ చూస్తారు. ఇనుము లోపం ఎర్ర రక్తకణాలను చిన్నవి చేస్తుంది, బి12 లోపం పెద్దవి చేస్తుంది. రెండూ కలిసినప్పుడు సగటు పరిమాణం మామూలుగానే కనబడి, రిపోర్టు బాగుందని భ్రమ కలిగిస్తుంది. బి12 అంకె సందేహాస్పదంగా ఉంటే, బి12 లోపంలో రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ ఆమ్లం పరీక్ష తోడ్పడుతుంది. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు కూడా గ్యాస్ట్రిన్‌ను పెంచుతాయి కాబట్టి, వాడుతున్న మందులన్నీ ముందే చెప్పాలి.

వ్యాధిని నిర్ధారించేది మాత్రం ఎండోస్కోపీలో తీసే బయాప్సీ. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచింది ఒక్కటే: జీర్ణాశయం మధ్య భాగం నుంచీ, కింది భాగమైన యాంట్రమ్ నుంచీ ముక్కలు తీసి, వేర్వేరు సీసాల్లో, వేర్వేరు పేర్లతో ల్యాబ్‌కు పంపాలి. పై, మధ్య భాగాలు క్షీణించి యాంట్రమ్ చాలావరకు బాగుండడమే ఈ వ్యాధి ముద్ర. అన్నీ ఒకే సీసాలో కలిపేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. పరీక్షకు ముందే ఈ మాట వైద్యుడిని అడగడానికి మొహమాటపడకండి. జీర్ణాశయంలో చేరే హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియా ఉందేమో కూడా చూసి, ఉంటే నిర్మూలించాలి.

పోయిన కణాలను తిరిగి తెచ్చే చికిత్స ప్రస్తుతం వాడుకలో లేదు, లోపాలను పూడ్చే చికిత్స ఉంది. బి12 లోపానికి సాధారణంగా 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు మొదట దగ్గర దగ్గరగా, తరువాత నెలల వ్యవధిలో ఇస్తారు. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకున్నా నోటి మోతాదులో దాదాపు 1 శాతం ఒంటబడుతుంది కాబట్టి, కొందరికి రోజూ 1000 నుంచి 2000 మైక్రోగ్రాముల మాత్రలూ సరిపోతాయి. నరాల లక్షణాలుంటే ఇంజెక్షనే మేలు. అంకె మామూలుకు వచ్చిందని ఆపకూడదు, అది మందు వల్ల వచ్చిన అంకె. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్లు కనిపిస్తూనే నరాల నష్టం ముదరవచ్చు. ఇనుము మాత్రలు పనిచేయకపోతే సిర ద్వారా ఎక్కిస్తారు.

థైరాయిడ్ జబ్బు, టైప్ 1 మధుమేహం దీనికి తరచుగా తోడుంటాయి కనుక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), చక్కెర పరీక్షలు చేయించుకోవాలి. ఆమ్లం తగ్గినందున పెరిగిన గ్యాస్ట్రిన్ జీర్ణాశయంలో హార్మోన్ల వంటి పదార్థాలను విడుదల చేసే కొన్ని కణాలను అదే పనిగా ప్రేరేపించి, న్యూరోఎండోక్రైన్ కణుతులనే చిన్న గడ్డలకు దారితీయవచ్చు. ఇవి చాలావరకు నెమ్మదిగా పెరిగేవే. జీర్ణాశయ క్యాన్సర్ ముప్పూ కొంత ఉంటుంది. అందుకే సాధారణంగా మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోమంటారు. బయాప్సీలో కనిపించినదాన్ని బట్టి వైద్యుడు ఆ గడువును మారుస్తారు కాబట్టి, పాత రిపోర్టును ప్రతిసారీ వెంట తీసుకెళ్లాలి.