వానల్లో పాత టైల్స్ మీద రెసిన్ పోస్తున్నారా? ముందు కింద చెమ్మ చూడండి

జూన్‌లో పోసిన ఎపాక్సీ రెసిన్ (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడేది) ఆగస్టుకల్లా అప్పడంలా పొంగి లేచిపోయిన గచ్చుల ఫొటోలు మళ్లీ కనిపిస్తున్నాయి. అందరూ రెసిన్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు దానిది కాదు, కింద చెమ్మ ఉండగా పోయడం.

పైకి పొడిగా ఉందని టైల్‌ని నమ్మొద్దు. టైల్ నునుపు పైపొర నీళ్లు పీల్చదు, టైల్స్ మధ్య సందుల్లో నింపిన సిమెంటు ముద్ద, అంటే గ్రౌట్, పీలుస్తుంది. నేల చెమ్మ ఇన్నాళ్లూ ఆ సందుల్లోంచే ఆవిరై పోయేది. రెసిన్‌తో ఆ దారి మూసేస్తే ఆవిరి అడుగు నుంచి తోస్తుంది. గ్రౌట్ గీతల వెంటే పొక్కులు లేస్తాయి; ఒకదాన్ని సూదితో గుచ్చితే జిగటనీరు ఊరుతుంది. అప్పుడిక గీకి తీయడమే.

చెమ్మ ఇలా చూడండి: అడుగున్నర చదరపు మందపాటి పాలిథిన్ షీట్‌ని నాలుగు టైల్స్ కలిసే మూల మీద పరిచి, అంచులన్నీ టేపుతో గాలి చొరకుండా అంటించండి. కనీసం 16 గంటలు ఉంచండి. రెండు రోజులైతే మరీ మంచిది. షీట్ అడుగున నీటి బొట్లున్నా, గ్రౌట్ నల్లబడినా పోయొద్దు. సింకు కింద, బాత్రూమ్ గోడ పక్కన, గడప దగ్గర విడివిడిగా చూడాలి. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో వానలకు భూగర్భజలం పైకొస్తుంది కాబట్టి మే నెల పరీక్ష ఆగస్టుకు పనికిరాదు. పోసే వారమే చేయండి.

గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపండి. లేదంటే పైన తెల్లటి జిడ్డు పొర కడుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఎమరీతో రుద్దాకే రెండో కోటు వేయండి, లేకపోతే అదీ ఊడిపోతుంది.

కొలత: చదరపు మీటరుకు 1 మి.మీ. మందానికి 1 లీటరు. పది బై పది గదికి 2 మి.మీ. పోయాలంటే సుమారు 18.6 లీటర్లు. హార్డెనర్ ఎక్కువేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవద్దు. మెత్తగా, జిగటగా ఉండిపోతుంది. నిష్పత్తి తూకానికా, పరిమాణానికా అన్నది డబ్బా మీద చదవండి.

పోసే ముందు రూపాయి బిళ్లతో తట్టి, డొల్లగా మోగిన టైల్ పీకేయండి. 60–80 నంబరు ఎమరీతో మెరుపు పూర్తిగా చచ్చేదాకా రుద్దండి. ఆ ధూళిలో సిలికా ఉంటుంది, ఎన్‌95 మాస్కు తప్పదు. గ్రౌట్‌ని యాసిడ్‌తో కడగొద్దు. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలపనే కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. నేలని నీళ్లతో కడిగితే, ఆరాక మళ్లీ షీట్ పరీక్ష చేయండి. కలిపిన రెసిన్ బకెట్‌లో వదిలేయొద్దు: కుప్పగా ఉంటే కాగిపోయి పొగలు కక్కుతుంది, వెంటనే నేల మీద పరిచేయండి. నైట్రైల్ గ్లౌజులు. చేతికంటితే సబ్బునీళ్లు, థిన్నర్ వద్దు. థిన్నర్ తుడిచిన గదిలో రెసిన్ బుడగలు పోగొట్టడానికి గ్యాస్ టార్చ్ మంట పెట్టొద్దు. బాత్రూమ్ నేలకు పైకోటులో సన్నటి క్వార్ట్జ్ ఇసుక చల్లండి, లేకపోతే జారుతుంది. నీళ్లు పోయే జాలీ మూయొద్దు. మిగిలింది కాలువలో పారబోయొద్దు. పోశాక వారం రోజులు తడిగుడ్డ పెట్టొద్దు, బీరువా జరపొద్దు.